పిక్సెల్‌గా మారకముందే: ఎంబెడెడ్ సిస్టమ్‌లలో యాక్సెసిబిలిటీ ఎక్కడ మొదలవుతుంది

ఒకప్పుడు వాషింగ్ మెషీన్ మీద తిప్పే నాబ్ ఉండేది. చూపు లేనివారు "మూడు క్లిక్కులు తిప్పితే కాటన్, ఐదైతే ఉన్ని" అని గుర్తుపెట్టుకుని ఎవరి సాయమూ లేకుండా వాడుకునేవారు. ఇప్పుడు అదే చోట నున్నటి గాజు తెర వచ్చింది. వేలితో తడిమితే ఏమీ తెలియదు. పొరపాటున ఎక్కడో తగిలితే మాత్రం ఏదో ఒకటి మొదలైపోతుంది. టికెట్ యంత్రాలు, పేమెంట్ మెషీన్లు, ఇంట్లో వాడే వైద్య పరికరాలు, సెట్‌టాప్ బాక్సులు కూడా ఇదే దారి పట్టాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అంచనా ప్రకారం సుమారు 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. వీళ్లలో చాలామందికి ఈ గాజు తెర ఒక గోడే.

వైకల్యం ఉన్నవారు కూడా వాడగలిగేలా పరికరాలు ఉండాలనే యూరోపియన్ యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి వర్తించడం మొదలయ్యాక పరికరాలు తయారుచేసేవారి దగ్గర ఒక ప్రశ్న తరచూ వినిపిస్తోంది: "ఫోన్లలో, కంప్యూటర్లలో తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఉంది కదా, అలాంటిదొకటి తెచ్చి ఇందులో వేసేస్తే అయిపోదా?" అయిపోదు. ఎందుకో తెలియాలంటే తెర వెనక ఏం జరుగుతుందో చూడాలి.

## ఎంబెడెడ్ అంటే ఏమిటి, తలుపులు మూసిన పరికరం అంటే ఏమిటి

ఒకే పని కోసం తయారైన పరికరంలో ఇమిడి ఉండే కంప్యూటర్‌ని ఎంబెడెడ్ సిస్టమ్ అంటారు. దాన్ని నడిపించేది ఎంబెడెడ్ ఆపరేటింగ్ సిస్టమ్. కొన్నింట్లో అది పొట్టి చేసిన లినక్స్. మరికొన్నింట్లో ఫ్రీఆర్‌టాస్, జెఫైర్ లాంటి రియల్‌టైమ్ సిస్టమ్. అంటే ఫలానా పని ఫలానా మిల్లీసెకన్లలో జరిగి తీరాలని హామీ ఇచ్చే రకం. మెమరీ కొన్ని వందల కిలోబైట్ల నుంచి కొన్ని వందల మెగాబైట్ల దాకా ఉంటుంది.

యాక్సెసిబిలిటీ అంటే వైకల్యం ఉన్నవారు కూడా ఆ పరికరంతో అదే పని స్వయంగా చేసుకోగలగడం. కంప్యూటర్ మీద ఇది కొంత తేలిక. అంధుడైన వాడకందారు తనకు నచ్చిన స్క్రీన్ రీడర్‌ని తానే వేసుకుంటాడు, బ్రెయిలీ డిస్‌ప్లే తగిలించుకుంటాడు. టికెట్ యంత్రానికి అలా వేసుకోలేడు, తగిలించుకోలేడు. ఇలాంటి తలుపులు మూసిన పరికరాలను యూరప్ ప్రమాణం ఈఎన్ 301 549, అమెరికా సెక్షన్ 508 నిబంధనలు రెండూ ప్రత్యేకంగా గుర్తించి, వాటికి విడిగా నియమాలు పెట్టాయి. సారం ఒక్కటే: వాడేవాడు తన సాధనాన్ని బయటి నుంచి తెచ్చుకోలేనప్పుడు, ఆ సాధనం పరికరంలోనే ఉండాలి. కనుక భారం మొత్తం తయారీదారు మీద, ముఖ్యంగా ఆపరేటింగ్ సిస్టమ్ మీద పడుతుంది.

## బటన్ బొమ్మగా మారాక దానికి పేరుండదు

అసలు చిక్కు ఇక్కడే ఉంది, అందుకే కాస్త నెమ్మదిగా చూద్దాం.

వాషింగ్ మెషీన్ తెర మీద నీటి ఉష్ణోగ్రత మార్చే భాగం ఉందనుకోండి. ఒక మైనస్ గుర్తు, మధ్యలో 40, పక్కన ఒక ప్లస్ గుర్తు. చిన్న పరికరాల్లో ప్రోగ్రామర్ సాధారణంగా చేసేది ఏమిటంటే, ఫలానా చోట ఒక గుండ్రటి పెట్టె గీయి, మధ్యలో "40" అని రాయి, వేలు ఆ పెట్టె మీద పడితే ఫలానా ఫంక్షన్‌ని పిలువు అని చెప్పడం. గీయడం పూర్తయ్యాక మెమరీలో మిగిలేవి రంగు చుక్కలే. అది బటన్ అనీ, నీటి ఉష్ణోగ్రతకు సంబంధించిందనీ, ఇప్పుడు 40 దగ్గర ఉందనీ, ఇంకా పెంచవచ్చనీ ఆ చుక్కల్లో ఎక్కడా ఉండదు. తర్వాత ఎంత గొప్ప స్క్రీన్ రీడర్‌ని తెచ్చి పెట్టినా దానికి చదవడానికి ఏమీ దొరకదు.

డెస్క్‌టాప్‌ల మీద ఈ సమస్యకు దొరికిన పరిష్కారం యాక్సెసిబిలిటీ ట్రీ. తెర మీది ప్రతి వస్తువుకూ బొమ్మతో పాటు ఒక చిన్న రికార్డు ఉంటుంది. మన ఉదాహరణలో ఆ రికార్డు ఇలా ఉంటుంది: పాత్ర, విలువ మార్చే మీట. పేరు, నీటి ఉష్ణోగ్రత. విలువ, 40 డిగ్రీలు. స్థితి, వాడుకోవచ్చు. చేయగల పనులు, పెంచడం, తగ్గించడం. విండోస్‌లో 1997 నుంచి, లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఏటీ-ఎస్పీఐ రూపంలో, ఫోన్లలో 2009 నుంచి ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. స్క్రీన్ రీడర్ తెరను చూడదు, ఈ రికార్డులనే చదువుతుంది.

"చిన్న పరికరంలో ఇంత మెమరీ ఎక్కడిది" అన్నది మామూలుగా వచ్చే అభ్యంతరం. లెక్క వేసి చూద్దాం. ఒక తెర మీద 40 వస్తువులు ఉన్నాయనుకుందాం, ఒక్కో రికార్డుకు 64 బైట్లు. మొత్తం 2,560 బైట్లు. అదే తెర వెడల్పు 800, ఎత్తు 480 పిక్సెళ్లు ఉండి, ఒక్కో పిక్సెల్‌కు 2 బైట్లు పడితే ఒక్క బొమ్మకే 7,68,000 బైట్లు కావాలి. అంటే బొమ్మకు పెట్టే దానిలో మూడు వందల్లో ఒక వంతు ఉంటే అర్థాన్ని కూడా నిలబెట్టుకోవచ్చు. తెర ఉన్న పరికరంలో మెమరీ లేదనడం నిలిచే వాదన కాదు.

నిజమైన ఖర్చు మరోచోట ఉంది. మొదటిది, సొంతంగా గీసిన ప్రతి వస్తువుకూ ప్రోగ్రామర్ పేరు పెట్టాలి. సిస్టమ్ ఇచ్చే రెడీమేడ్ బటన్ వాడితే పాత్ర, స్థితి తమంతట తామే వస్తాయి, కానీ తెర అందంగా ఉండాలని అన్నీ చేత్తో గీస్తే ఏవీ రావు. రెండోది, మార్పులు చెప్పడం. విలువ మారినప్పుడు, ఫోకస్ (ఇప్పుడు ఎంపికలో ఉన్న చోటు) కదిలినప్పుడు, హెచ్చరిక వచ్చినప్పుడు సిస్టమ్ ఒక సంకేతం పంపాలి. ఇక్కడ తూకం ఉండాలి. ఉతకడానికి మిగిలిన సమయం సెకనుకోసారి మారుతుంటే ప్రతిసారీ చదివే పరికరాన్ని ఎవరూ భరించలేరు. నీళ్లు లీకవుతున్నాయనే హెచ్చరిక మాత్రం చదువుతున్న మాటను మధ్యలో ఆపైనా సరే వినిపించాలి. ఏది వెంటనే, ఏది అడిగితేనే అన్నది రికార్డులోనే రాసి ఉండాలి.

లినక్స్ మీద కట్టే పరికరాల్లో ఇంకో సంగతి జరుగుతుంటుంది. పరికరంలోకి ఎక్కించే మొత్తం సాఫ్ట్‌వేర్ మూట (ఇమేజ్) సైజు తగ్గించే పనిలో యాక్సెసిబిలిటీ ప్యాకేజీలు తొలి విడతలోనే ఎగిరిపోతాయి. తీసేసిన మనిషికి చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. అవి లేకపోయినా తెర మామూలుగానే కనబడుతుంది కాబట్టి లోటు పరీక్షల్లో దొరకదు.

## గొంతు ఎక్కడి నుంచి వస్తుంది

రికార్డు ఉంది, దాన్ని మాటగా మార్చాలి. దీనికి రెండు దారులు.

మొదటిది ముందే రికార్డు చేసిన మాటలు. 16 కిలోహెర్ట్జ్, 16 బిట్ల నాణ్యతలో (సెకనుకు 16,000 శబ్ద నమూనాలు, ఒక్కోదానికి 2 బైట్లు) సెకను మాటకు 32,000 బైట్లు. రెండేసి సెకన్ల సందేశాలు 200 ఉంటే 400 సెకన్లు, అంటే 1.28 కోట్ల బైట్లు, సుమారు 12.8 మెగాబైట్లు. శబ్దాన్ని కుదించే ఏడీపీసీఎం పద్ధతిలో నాలుగో వంతుకు కుదిస్తే 3.2 మెగాబైట్లు. ఐదు భాషలకు 16 మెగాబైట్లు. మనిషి గొంతు స్పష్టంగా ఉంటుంది, ప్రాసెసర్‌కు శ్రమ లేదు. కానీ రేపు మెనూలో ఒక మాట మారితే మళ్లీ స్టూడియోకు వెళ్లాలి. ముందే తెలియని మాటలు, అంటే వైఫై పేర్లో, టీవీ కార్యక్రమాల పేర్లో, పలకడం దీనివల్ల కాదు.

రెండోది టెక్స్ట్‌ని అక్కడికక్కడే మాటగా మార్చే ఇంజిన్. ఈస్పీక్ ఎన్‌జీ లాంటివి కొన్ని మెగాబైట్లలోనే వందకు పైగా భాషలు పలుకుతాయి. గొంతు యంత్రంలా ఉంటుంది. మొదటిసారి విన్నవారికి ఇది నచ్చదు, కానీ రోజూ స్క్రీన్ రీడర్ వాడేవారిలో చాలామంది ఇలాంటి గొంతునే కోరుకుంటారు. వేగం బాగా పెంచినా మాటలు విడివిడిగా తెలుస్తాయి కాబట్టి. కృత్రిమ మేధతో తయారయ్యే న్యూరల్ గొంతులు సహజంగా ఉంటాయి, కానీ చిన్న చిప్‌లకు అవి బరువు. పెద్దగా మార్పుల్లేని పది తెరల పరికరానికి రికార్డింగులు, మారే సమాచారం ఉన్నదానికి ఇంజిన్ అన్నది ఇప్పటికి సమంజసంగా కనిపిస్తున్న విభజన.

అయితే గొంతు ఎంత తీయగా ఉందన్నదాని కంటే ఎంత త్వరగా ఆగుతుందన్నది వాడేవారికి ముఖ్యం. అలవాటైన మనిషి మెనూలో ప్రతి మాటనూ పూర్తిగా వినడు. మొదటి అక్షరం వినగానే "ఇది కాదు" అని తర్వాతి దానికి వెళ్తాడు. వినిపించబోయే శబ్దాన్ని ముందే నింపి ఉంచే ఆడియో బఫర్‌లో 8,192 నమూనాలు ఉన్నాయనుకుంటే, 16 కిలోహెర్ట్జ్ దగ్గర అది 512 మిల్లీసెకన్ల శబ్దం. బటన్ నొక్కాక అర సెకను పాటు పాత మాటే వినిపిస్తుంది. వేలు ఒకచోట, గొంతు ఇంకోచోట. బఫర్‌ను 1,024కు తగ్గిస్తే ఆలస్యం 64 మిల్లీసెకన్లకు దిగుతుంది, కానీ సిస్టమ్ మరింత తరచుగా బఫర్ నింపాలి. ఉన్న శబ్దాన్ని అక్కడికక్కడే పారేయమని డ్రైవర్‌కు, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రామ్‌కు, చెప్పగలగడం ఇంకా మంచిది. లినక్స్‌లోని ఆల్సా లైబ్రరీలో ఇందుకు రెండు వేర్వేరు ఫంక్షన్లు ఉన్నాయి. డ్రాప్ వెంటనే ఆపుతుంది, డ్రెయిన్ మిగిలింది వినిపించి ఆపుతుంది. పాటలకు డ్రెయిన్ సరైనదే. స్క్రీన్ రీడర్‌కు అది ఉరితాడు.

కరెంటు ఆదా కోసం ఆంప్లిఫయర్‌ని నిద్రపుచ్చే పరికరాల్లో మరో ప్రమాదం ఉంది. అది మేలుకునేలోపు మాట మొదలైపోతే మొదటి అక్షరం ఎగిరిపోతుంది. "అన్‌లాక్ అయింది" అన్న మాటలో మొదటి ముక్క పోతే వినబడేది "లాక్ అయింది" అని. ముందు కొన్ని మిల్లీసెకన్ల నిశ్శబ్దం పంపి, ఆ తర్వాత మాట పంపడం డ్రైవర్ స్థాయిలో చేయాల్సిన చిన్న పని. అప్లికేషన్ రాసేవాడికి ఆ నిద్ర సంగతే తెలియదు.

## వేలు తాకడం, ఎంచుకోవడం ఒకటి కాకూడదు

చూపు లేనివారు టచ్ తెరను వాడలేరన్నది 2009 దాకా గట్టి నమ్మకం. ఆ ఏడాది ఐఫోన్ 3జీఎస్‌లో వచ్చిన వాయిస్‌ఓవర్ దాన్ని తిరగేసింది. వేలు జరుపుతుంటే కింద ఉన్నదాన్ని చదువుతుంది, రెండుసార్లు తట్టితేనే పని చేస్తుంది. తడమడం, ఎంచుకోవడం రెండూ విడిపోయాయి.

ఎంబెడెడ్ సిస్టమ్‌లో ఈ విభజన టచ్ డ్రైవర్‌కు, అప్లికేషన్‌కు మధ్య జరగాలి. స్క్రీన్ రీడర్ ఆన్‌లో ఉంటే వేలి కదలికను ముందు సిస్టమ్ తీసుకుని, "ఎంచుకున్నాడు" అన్న నిర్ణయం అయ్యాకే అప్లికేషన్‌కు పంపాలి. ప్రతి అప్లికేషనూ సొంతంగా చేయబోతే ఒక తెర ఒకలా, మరో తెర ఇంకోలా ప్రవర్తిస్తుంది. హార్డ్‌వేర్ కూడా అడ్డురావచ్చు. చవక టచ్ చిప్‌లలో కొన్ని ఒకేసారి ఒక్క వేలినే గుర్తిస్తాయి, కనుక రెండు వేళ్ల సంజ్ఞలు కుదరవు. చర్మం విద్యుత్ ప్రభావంతో తాకును గుర్తించే కెపాసిటివ్ తెర మామూలు కృత్రిమ చేతిని గుర్తించదు. అందుకే ఆడియో జాక్, నాలుగు దిక్కుల బటన్లు, మధ్యలో ఎంపిక బటన్ ఉన్న చిన్న కీప్యాడ్ ఇప్పటికీ బహిరంగ యంత్రాలకు మంచి జోడీ.

చేతులు వణికేవారి సంగతి వేరు. మెకానికల్ బటన్ నొక్కినప్పుడు లోపలి లోహం కొన్ని మిల్లీసెకన్లు అదురుతుంది. దాన్ని ఒకే నొక్కుగా లెక్కించేందుకు డ్రైవర్ ఓ 20 మిల్లీసెకన్ల పాటు మళ్లీ వచ్చే సంకేతాలను వదిలేస్తుంది. వణికే వేలి రెండో నొక్కు పావు సెకను తర్వాత రావచ్చు. పిన్‌లో 4 నొక్కితే 44 పడుతుంది. ఆ గడువును అర సెకనుకు పెంచితే సమస్య తీరుతుంది, కానీ నిజంగానే 44 కొట్టాల్సినవారు మధ్యలో ఆగాలి. అందరికీ సరిపోయే అంకె ఏదీ లేదు. అది కోడ్‌లో రాసిపెట్టిన స్థిరాంకంగా కాకుండా, మార్చుకోగల సెట్టింగ్‌గా ఉండాలన్నదే దీని అర్థం. "మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే రీసెట్" లాంటివి కూడా ఇదే కోవకు చెందుతాయి. వేలు త్వరగా ఎత్తలేనివారికి అది ఉచ్చు.

సమయం ముగిసిపోవడం మరో గోడ. మెనూలో పది అంశాలు ఉండి ఒక్కోటి చదవడానికి మూడు సెకన్లు పడితే మొత్తం 30 సెకన్లు. 30 సెకన్లు కదలిక లేకపోతే మొదటికి వెళ్లిపోయే యంత్రం, వింటున్న మనిషి చివరి అంశం విన్న క్షణంలోనే మొదటికి వెళ్లిపోతుంది. వెబ్ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ గడువు ముగిసే ముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇమ్మంటుంది. అదే సూత్రం ఇక్కడా పనికొస్తుంది.

## రంగు, వెలుగు, శబ్దం

చూపు తక్కువున్నవారికి కావలసినవి పెద్ద అక్షరాలు, గట్టి కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా. తెల్లటి తెర మీద #999999 బూడిద రంగు అక్షరాల కాంట్రాస్ట్ సుమారు 2.8. డబ్ల్యూసీఏజీ మామూలు అక్షరాలకు కనీసం 4.5 అడుగుతుంది. #767676కు మార్చితే అది దాటుతుంది. 256 రంగుల ప్యాలెట్‌తో నడిచే తెర అయితే హై కాంట్రాస్ట్ థీమ్‌కు 768 బైట్ల (ఒక్కో రంగుకు 3 బైట్లు) పట్టిక మార్చితే చాలు.

వినికిడి లేనివారికి ప్రతి బీప్‌కూ కనబడే జోడీ కావాలి. అప్లికేషన్ నేరుగా "బీప్ కొట్టు" అని చెప్పకుండా "హెచ్చరిక ఇవ్వు" అని సిస్టమ్‌కు చెబితే, శబ్దమా, వెలుగా, వణుకా అన్నది సిస్టమ్ చూసుకుంటుంది. వెలిగించేటప్పుడు సెకనుకు మూడుసార్లకు మించి మెరవకూడదు, మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.

## మొదటి నిమిషం, పాడైన నిమిషం

స్క్రీన్ రీడర్‌ని ఆన్ చేయడానికి మెనూలో ఐదు తెరలు దాటాలంటే చూపు లేనివారికి అది లేనట్టే. పరికరాన్ని పెట్టెలోంచి తీసిన క్షణంలో దాన్ని ఆన్ చేసే మార్గం ఉండాలి. ఫలానా బటన్ నొక్కి పట్టుకోవడం ఒకటి. బహిరంగ యంత్రాల్లో హెడ్‌ఫోన్ పెట్టగానే మాట మొదలవడం ఇంకోటి. జాక్ ఇచ్చే సంకేతాన్ని సిస్టమ్ పట్టుకుంటే చాలు. 1997లో కెనడాలోని ఒట్టావాలో రాయల్ బ్యాంక్ మాట్లాడే ఏటీఎంను పెట్టినప్పటి నుంచి ఈ ఆలోచన పెరుగుతూ వచ్చింది.

ఎక్కువమంది మరచిపోయేది అప్‌డేట్ సమయాన్ని. అసలు సిస్టమ్ ఆగి, చిన్న రికవరీ ప్రోగ్రామ్ నడుస్తుంది. అది ఒక గీతను కుడివైపుకు నింపుతుందంతే. చూపు లేని మనిషికి పరికరం చచ్చిపోయినట్టే ఉంటుంది, ప్లగ్ పీకేస్తాడు, అప్పుడు నిజంగానే చచ్చిపోతుంది. రెండేసి సెకన్ల సందేశాలు నాలుగు, కుదించిన రూపంలో 64,000 బైట్లు. "అప్‌డేట్ అవుతోంది, ఆపకండి" అని చెప్పడానికి అయ్యే ఖర్చు అంతే. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే ఉండే స్పీకప్ అనే స్క్రీన్ రీడర్ ఈ తొలి క్షణాల అవసరాన్ని గుర్తించిందే. ఏళ్ల తరబడి ప్రయోగదశ విభాగంలో ఉండి, 2020లో 5.9 వెర్షన్‌తో కెర్నల్ ప్రధాన భాగంలోకి వచ్చింది.

## ఫోన్ యాప్ ఉంటే చాలదా

ఇక్కడ నిజమైన భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, రెండు వైపులా బలం ఉంది.

ఒక వర్గం అనేది ఇది. అంధుడి ఫోన్‌లో ఇప్పటికే స్క్రీన్ రీడర్ ఉంది, తన భాషలో, తనకు అలవాటైన వేగంతో. పరికరం బ్లూటూత్‌తో ఆ ఫోన్‌కు కలిస్తే చాలు, ప్రతి వాషింగ్ మెషీన్‌లోనూ ఓ కొత్త గొంతు పెట్టి అందరూ మళ్లీ నేర్చుకోవడం ఎందుకు? ఇంట్లో పరికరాలకు ఇది నిజమైన మేలు. బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవారికి, ముఖ్యంగా చూపూ వినికిడీ రెండూ లేనివారికి, ఇదొక్కటే దారి కావచ్చు.

రెండో వర్గం అడిగేది: ఫోన్ లేనివారి సంగతేమిటి? తెర మీద కనబడే కోడ్ చూసి జత చేయమంటే ఎలా? కంపెనీ యాప్‌ని ఆపేస్తే పదేళ్లు నడవాల్సిన మెషీన్ మూగబోదా? టికెట్ యంత్రం ముందు నిలబడినవారు యాప్ దించుకుని, ఖాతా తెరిచేసరికి బండి వెళ్లిపోదా? నా అంచనాలో ఫోన్ దారి అదనంగా ఉండటం మంచిది, ఏకైక దారిగా ఉండటం కాదు. పైగా ఆ యాప్‌కు పంపాల్సింది కూడా పాత్ర, పేరు, విలువ, స్థితే. లోపల ఆ రికార్డు లేకపోతే ఫోన్‌కు పంపడానికీ ఏమీ ఉండదు.

భద్రత వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు బరువైనవి. తెర మీద ఉన్నదంతా చదవగల ద్వారం తెరిస్తే దొంగలూ దాన్నే వాడతారు. ఆండ్రాయిడ్‌లో బ్యాంకింగ్ మాల్‌వేర్ యాక్సెసిబిలిటీ సర్వీసును దుర్వినియోగం చేయడం బాగా తెలిసిన సంగతే. మూసిన పరికరంలో దీనికి జవాబు సులువు: ఆ ద్వారాన్ని తయారీదారు సంతకం ఉన్న ఒక్క ప్రక్రియకే ఇవ్వాలి. పిన్ కొట్టేటప్పుడు అంకెలు పలకకూడదు, హెడ్‌ఫోన్ తీసేస్తే ఆ సెషన్ ముగియాలి.

వైద్య పరికరాల్లో ప్రశ్న ఇంకా కఠినం. ఇన్సులిన్ పంప్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి అదనపు భాగాన్నీ పరీక్షించి, నిరూపించాలి. మాట పలికే పని మోతాదు లెక్కకు అడ్డురాదని చూపాలి. అందుకే ఇంజనీర్లు మాటను తక్కువ ప్రాధాన్యం ఉన్న వేరే టాస్క్‌గా, వీలైతే వేరే చిప్‌లో పెడతారు. అది ఖర్చే. కానీ మధుమేహం చూపును దెబ్బతీసే జబ్బు. ఈ పంప్ వాడేవారిలోనే చూపు తగ్గేవారు ఉంటారు. చదవలేని మోతాదు కూడా ప్రమాదమే అన్నది ఆ లెక్కలో రెండో వైపున ఉండాలి.

## చట్టం ఎంతవరకు వస్తుంది

యూరోపియన్ చట్టం పరిధిలో కంప్యూటర్లు, ఫోన్లు, ఈ-రీడర్లు, టీవీ సేవలకు వాడే పరికరాలు, పేమెంట్ టెర్మినళ్లు, ఏటీఎంలు, టికెట్, చెక్ఇన్ యంత్రాలు ఉన్నాయి. వాషింగ్ మెషీన్, ఓవెన్ లాంటి గృహోపకరణాలు లేవు. అంటే ఈ వ్యాసం మొదట చెప్పుకున్న గాజు తెరను ఆ చట్టం తాకదు. అమెరికాలో సెక్షన్ 508 ఫెడరల్ ప్రభుత్వం కొనే, వాడే సాంకేతికతకు వర్తిస్తుంది. కమ్యూనికేషన్, వీడియో సాధనాల యాక్సెసిబిలిటీ కోసం వచ్చిన 2010 నాటి సీవీఏఏ చట్టం టీవీ, సెట్‌టాప్ బాక్సుల మెనూల దాకా వెళ్తుంది.

ఇప్పటికే నిలబెట్టిన యంత్రాలకు యూరప్ మినహాయింపు ఇచ్చింది. 2025 జూన్ 28కి ముందే వాడకంలో ఉన్న స్వీయసేవా యంత్రాలను, సభ్య దేశం ఒప్పుకుంటే, వాటి ఆర్థిక ఆయుష్షు తీరేదాకా, వాడకం మొదలైనప్పటి నుంచి గరిష్ఠంగా 20 ఏళ్ల దాకా ఉంచవచ్చు. 2024లో పెట్టిన టికెట్ యంత్రం 2044 దాకా నిలబడవచ్చన్నమాట. అందులో స్పీకర్, ఆడియో జాక్, నాలుగు బటన్లు ముందే ఉంటే మిగతాది ఈ మధ్యలో ఎప్పుడైనా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఇవ్వవచ్చు. అవి లేకపోతే అప్‌డేట్ పంపినా దాన్ని వినిపించే దారి ఆ యంత్రానికి ఉండదు.